ఓటు ఓడిన మరునాడు



సాధారణంగా నేను మీకు వేడి, కాంతి, విద్యుత్తు వంటి విషయాలు చెబుతుంటాను. ఈనాటి విషయం కొంచెం వేరు. ఎన్నికలలో మనం ఓటు వేసిన అభ్యర్థి ఓడిపోయినప్పుడు మనసుకు ఒక నిరుత్సాహం కలుగుతుంది. ఒక్కొక్కరికి కోపం, ఒక్కొక్కరికి ఏడుపు, ఒక్కొక్కరికి దేనిమీదా ఆసక్తి లేకపోవటం. ఆ నిరుత్సాహాన్ని దానంగా, సేవగా మార్చుకోవచ్చునా, మార్చుకుంటే ఎప్పుడు, ఎలాగ అన్నదే మన ప్రశ్న. భౌతికశాస్త్రం చెప్పేవాడికి ఈ గొడవ ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. ఎక్కడైనా కొంత శక్తి కనిపిస్తే, అది ఎక్కడినుండి వచ్చింది, ఎక్కడికి పోతోంది అని అడగటం మా వృత్తిలో అలవాటు. ఆ అలవాటుతోనే ఈ విషయంలోకి వచ్చాను.

ముందుగా ఒక సంగతి చెప్పాలి. నేను ఉండేది పుదుచ్చేరి పట్టణంలో. ఇక్కడ పాఠం చెప్పటం మొదలుపెట్టి పాతికేళ్ళు దాటింది. ఈ కేంద్రపాలిత ప్రాంతంలో పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాం అని నాలుగు భాగాలు ఉన్నాయని మీకు తెలుసు. నాలుగూ కలిసి లోక్‌సభకు పంపేది ఒకే ఒక్క సభ్యుణ్ణి. 2024లో ఏప్రిల్ 19న ఇక్కడ పోలింగు జరిగింది. ఓట్ల లెక్కింపు జూన్ 4న. మధ్యలో 46 రోజులు! యానాం నుండి వచ్చి ఇక్కడ హాస్టలులో ఉండి చదువుకుంటున్న కుర్రవాడు ఒకడు నా తరగతిలో ఉండేవాడు. తెలుగువాళ్ళం కనుక అప్పుడప్పుడు ఇంటికి వచ్చి కాఫీ తాగి పోయేవాడు. మొదటి ఓటు కదా అని ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి, ఊరికి పోయి, వేలిమీద సిరా గుర్తుతో తిరిగి వచ్చాడు.

ఫలితాలు వచ్చిన రెండో రోజున మా ఇంటికి వచ్చి కూర్చున్నాడు. కాఫీ ముట్టలేదు. "సార్, ఇక నేను ఓటు వేయను. అంత దూరం పోయి వేసి ఏం లాభం?" అన్నాడు. ఎవరికి వేశావని నేను అడగలేదు, అడగకూడదు కూడా. "తొందరపడకు నాయనా, ఐదేళ్ళు ఓపిక పట్టు" అని మాత్రం అన్నాను. ఆ మాట ఎంత పనికిమాలిన మాటో నాకు ఆర్నెల్ల తరువాత గానీ తెలియలేదు.

ఆ ఏడాది నవంబరు 30 రాత్రి ఫెంగల్ తుఫాను పుదుచ్చేరి దగ్గరే తీరం దాటింది. మరునాటి ఉదయానికి 24 గంటలలో సుమారు 48 సెంటీమీటర్ల వాన కురిసింది. మీ చేతి స్కేలు 30 సెంటీమీటర్లు ఉంటుంది. దానిమీద ఇంకొక సగానికి పైగా ముక్క నిలబెట్టి చూడండి. పారటానికి దారి లేని చోట ఊరంతా అంత ఎత్తున నీరు పరిచినట్లు. పల్లపు వీధులలో అంతకంటె చాలా ఎక్కువ. రెండు రోజుల తరువాత ఒక వీధిలో ఆ కుర్రవాడు మంచినీటి క్యానులు మోస్తూ కనిపించాడు. నాకు సంతోషం వేసింది. "ఏమయ్యా, జూన్‌లో వచ్చిన కోపాన్ని ఇలా తీర్చుకుంటున్నావా?" అని హాస్యమాడాను. వాడు క్యాను దించి, నిజంగానే ఆలోచించి, "ఏ కోపం సార్?" అన్నాడు.

మరిచిపోయాడు! అంత వేడి ఎప్పుడు పోయిందో వాడికే తెలియదు. దేనికీ ఉపయోగపడకుండా పోయింది. క్యానులు మోయటానికి వాడు వేరే కారణంతో వచ్చాడు, హాస్టలు వాళ్ళందరూ వస్తుంటే వచ్చాడు. తప్పు నాది. జూన్‌లో నా ఎదుట కూర్చున్నప్పుడు ఆ శక్తిని ఎక్కడైనా కలపవలసినవాణ్ణి, ఐదేళ్ళు ఆగమన్నాను.

ఇక్కడ మీకు తెలిసిన ఒక సూత్రాన్ని గుర్తు చేస్తాను. వేడి పాలగిన్నె గదిలో పెడితే ఎలా చల్లారుతుంది? గిన్నెకూ గదికీ మధ్య ఉష్ణోగ్రత తేడా ఎంత ఎక్కువగా ఉంటే అంత వేగంగా చల్లారుతుంది. దీనినే న్యూటన్ శీతలీకరణ నియమం అంటాము. పాలు 90 డిగ్రీలు, గది 30 డిగ్రీలు అనుకోండి. మొదటి పది నిమిషాలలో పాలు 60 డిగ్రీలకు దిగితే, తరువాతి పది నిమిషాలలో 45కు దిగుతాయి, ఆపైన 37.5కు. అంటే ఎక్కువ వేడి పోయేది మొట్టమొదటే. మనసు పాలగిన్నె కాదు, దానికి ఇంత కచ్చితమైన లెక్క లేదు, పోలికను పోలికగానే తీసుకోండి. అయితే ఓటర్ల మనసు గురించి నిజంగా చేసిన పరిశోధన ఒకటి ఉంది. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో 1994లో గవర్నరు పదవికి ఎన్నిక జరిగింది. పోటీ ఆన్ రిచర్డ్స్‌కూ, జార్జ్ బుష్‌కూ. డేనియల్ గిల్బర్ట్, టిమొతీ విల్సన్ మొదలైన మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఓటర్లను పోలింగు రోజున ఒక ప్రశ్న అడిగారు: మీ అభ్యర్థి ఓడిపోతే నెల తరువాత మీరు ఎంత సంతోషంగా ఉంటారు? చాలా తక్కువగా ఉంటామని వాళ్ళు అంచనా వేశారు. నెల గడిచాక మళ్ళీ అడిగితే, ఓడిన పక్షం వాళ్ళు మునుపు ఎలా ఉన్నారో ఇంచుమించు అలాగే ఉన్నారు. ఈ పరిశోధన 1998లో ప్రచురితమైంది. అది చిన్న పరిశోధనే. అయినా నా విద్యార్థి ముఖం గుర్తుకు వచ్చినప్పుడల్లా నాకు అది నిజమనిపిస్తుంది.

ఈ ఫలితాన్ని రెండు విధాలుగా చదువుకోవచ్చు. ఒకటి, ఓడిపోతే ప్రాణం పోయినట్లు బాధపడనక్కరలేదు, మనసుకు తనను తాను మాన్పుకునే గుణం ఉంది. ఇది ఊరట కలిగించే సంగతి. రెండవది అంత ఊరట కలిగించదు. మీ బాధతో లోకానికి ఏదైనా మేలు చేయించాలంటే మీకు ఉన్న గడువు చాలా తక్కువ.

ఓడటం అరుదైన సంగతి కూడా కాదు. స్వతంత్ర భారతదేశంలో మొట్టమొదటి సార్వత్రిక ఎన్నికలు 1951-52లో జరిగాయి. అప్పటికి పుదుచ్చేరి ఇంకా ఫ్రెంచివారి చేతిలోనే ఉంది కనుక ఇక్కడివారికి ఆ ఓటు లేదు. ఆ ఎన్నికలలో లోక్‌సభకు ఎన్నిక జరిగిన 489 స్థానాలలో కాంగ్రెసుకు 364 వచ్చాయి. అంతటి విజయం! కాని దానికి పడిన ఓట్లు సుమారు 45 శాతమే. మిగిలిన ఓట్లు ఇతర పక్షాలకూ, స్వతంత్రులకూ పడ్డాయి. ఎక్కువ ఓట్లు వచ్చిన ఒక్కరే గెలిచే ఈ పద్ధతిలో ప్రతి ఎన్నిక మరునాడూ కోట్లమంది నిరుత్సాహంగా నిద్ర లేస్తారు. అదంతా ఎక్కడికి పోతుంది?

ఆ 1952లోనే, గెలిచిన పక్షం తరపున నిలబడి తాను మాత్రం ఓడిపోయిన ఒక తెలుగు మహిళను మీకు గుర్తు చేస్తాను. దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి పేరు మీరు వినే ఉంటారు. 1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టారు. పన్నెండేళ్ళ వయసులో ఇంగ్లీషు బడి మానేసి, ఆ తరువాత తానే ఆడపిల్లలకు హిందీ పాఠశాల పెట్టారు. 1923లో కాకినాడ కాంగ్రెసు మహాసభల సందర్భంగా జరిగిన ఖద్దరు ప్రదర్శనలో ఆమె వాలంటీరు. టికెట్టు లేనివారిని లోపలికి పంపరాదని ఆమెకు ఇచ్చిన పని. జవహర్‌లాల్ నెహ్రూ టికెట్టు లేకుండా వస్తే ఆపేశారు. నిర్వాహకులు టికెట్టు కొని ఇచ్చాక గానీ లోపలికి పోనివ్వలేదు. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్ళు. ఈ కథను అందరూ ధైర్యానికి ఉదాహరణగా చెబుతారు. వాలంటీరు పని అంటే ఏమిటో ఇందులో ఉందని నాకు అనిపిస్తుంది. ఇచ్చిన చోట నిలబడటం, వచ్చినవారు ఎవరైనా లెక్క ఒకటే కావటం.

ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్ళారు. బయటికి వచ్చాక, పెద్దవయసులో చదువు మళ్ళీ మొదలుపెట్టి ఎం.ఏ. చేశారు, లా చదివారు. మద్రాసులో ఆడపిల్లలను చేరదీసి చదువు చెప్పటంతో మొదలైన పని 1937 నాటికి ఆంధ్ర మహిళా సభ అయింది. రాజ్యాంగ సభలో సభ్యురాలయ్యారు. రాజ్యాంగ సభలో ఉన్న స్త్రీలు పదిహేనుమందే, అందులో ఆమె ఒకరు. అటువంటి మనిషి 1952 ఎన్నికలలో ఓడిపోయారు.

ఓడిన రాత్రి ఆమె మనసులో ఏముందో మనం ఊహించి చెప్పనక్కరలేదు. ఏం జరిగిందో చూద్దాం. ఆ ఏడే ఆమెను ప్రణాళికా సంఘంలో సభ్యురాలిగా నియమించారు. సాంఘిక సంక్షేమం ఆమె చూసే విషయం. దేశంలో అనాథలకు, వికలాంగులకు, దిక్కులేని స్త్రీలకు ఆశ్రయం ఇస్తున్న స్వచ్ఛంద సంస్థలు చాలా ఉన్నాయి. చాలావాటికి డబ్బు లేదు, ఒకదాని సంగతి మరొకదానికి తెలియదు. మొదటి పంచవర్ష ప్రణాళికలో ఇటువంటి సంస్థల సహాయానికి 4 కోట్ల రూపాయలు కేటాయించారు. 1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడింది. దానికి మొదటి అధ్యక్షురాలు దుర్గాబాయి గారే. ప్రభుత్వపు డబ్బు, ప్రజల స్వచ్ఛంద శ్రమ ఒక చోట కలవటానికి అది దారి. 1958లో ఆ బోర్డు మరొక పని మొదలుపెట్టింది. చిన్నప్పుడు చదువు మానేసిన వయోజన స్త్రీలకు కొద్ది సంవత్సరాలలోనే పరీక్షకు తయారయ్యేలా సంక్షిప్త పాఠ్యక్రమాలు. ఇది మద్రాసులో ఆమె ఇరవయ్యేళ్ళ క్రితం చేసిన పనే, దేశమంతటికీ విస్తరించింది. అలా చదువుకున్నవారిలో ఎందరో నర్సులు, ఉపాధ్యాయినులు అయ్యారు. పార్లమెంటు సభ్యురాలై ఉంటే ఆమె ఇంతకంటె ఎక్కువ చేసి ఉండేవారా, తక్కువా అన్నది లెక్క తేలని ప్రశ్న. దానిని వదిలేద్దాం.

మీలో చురుకైనవారు ఇక్కడ ఒక ఆక్షేపణ చెబుతారు. నా తరగతిలో ఒక అమ్మాయి చెప్పింది కూడా. "సార్, ఆవిడ ఓడిపోయినా ప్రభుత్వంవారు పిలిచి పదవి ఇచ్చారు. మమ్మల్ని ఎవరు పిలుస్తారు?" న్యాయమైన ప్రశ్న. నేను ఆ అమ్మాయికి చెప్పిన జవాబే మీకూ చెబుతాను. సంవత్సరాలు చూడండి. ఆమె ఓడింది 1952లో, ఆంధ్ర మహిళా సభ పుట్టింది 1937లో. ఓటమికి పదిహేనేళ్ళ ముందే పని నడుస్తోంది. పిలిచినవారు ఆ పనిని చూసి పిలిచారు. ఒకవేళ పిలవకపోయినా మద్రాసులో ఆమె రాకకోసం ఎదురుచూసే పిల్లలు ఉన్నారు. ఓడిన మరునాడు ఎక్కడికి పోవాలన్న ప్రశ్న ఆమెకు లేదు.

వాన కురిసినప్పుడు చెరువు తవ్వలేము. ఈ మాట అనగానే పుదుచ్చేరి వాళ్ళకు ఆయి గుర్తుకు వస్తుంది. మీరు ఎప్పుడైనా ఇక్కడికి వస్తే భారతి పార్కు నడుమ తెల్లని మండపం చూస్తారు. పుదుచ్చేరి ప్రభుత్వ చిహ్నంలో ఉన్నది అదే, ఆయి మండపం. దాని వెనుక ఒక స్థల కథ ఉంది. చరిత్ర అని నేను చెప్పను, ఇక్కడివారు చెప్పుకునే కథ. పూర్వం విజయనగర ప్రభువు ఒకరు, శ్రీకృష్ణదేవరాయలే అని కొందరంటారు, ఈ వైపు వస్తూ దీపాలతో వెలుగుతున్న ఒక భవనాన్ని గుడి అనుకుని నమస్కరించాడట. అది ఆయి అనే వేశ్య ఇల్లని తెలిసి అవమానపడి, ఆ ఇంటిని కూల్చివేయమన్నాడు. ఆమె వేడుకున్నది ఒకటే: నా ఇంటిని నేనే కూల్చుకుంటాను, కొంత గడువు ఇవ్వండి. కూల్చి, ఆ చోటనే ఊరివారికోసం చెరువు తవ్వించింది. చాలా కాలానికి, 19వ శతాబ్దంలో, ఫ్రెంచివారి పుదుచ్చేరికి మంచినీరు ముత్తిరపాళెం నుండి కాలువ ద్వారా వచ్చింది. ఆ నీటిని ఇచ్చిన ఆయి కథ విని మూడవ నెపోలియన్ చక్రవర్తి ఈ మండపం కట్టించాడని చెబుతారు.

ఈ కథలో నన్ను ఆకర్షించేది త్యాగం కాదు. ఏలేవాడి తీర్పు ఆమెకు అన్యాయంగానే వచ్చింది, దానిని మార్చే బలం ఆమెకు లేదు. ఆమె అడిగింది కొంత సమయం. ఆ సమయంలో ఊరికి కావలసినది ఏమిటో చూసింది. అక్కడ కరువైనది నీరు. ఆమె మరొక భవనం కట్టించలేదు, అన్నదానమూ చేయలేదు, చెరువు తవ్వింది.

ఊరికి కావలసినది ఏమిటో చూడకుండా చేసిన దానం ఎలా ఉంటుందో నా అనుభవమే చెబుతాను. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చింది. మూడో రోజున నేనూ మా విద్యార్థులూ ఇల్లిల్లూ తిరిగి పాత బట్టలు పోగుచేసి, లారీ మాట్లాడి, తీరం వెంబడి ఒక ఊరికి తీసుకుపోయాము. మేము పోయేసరికి రోడ్డు పక్కన మాకంటె ముందు వచ్చినవారి బట్టలు గుట్టలుగా పడి ఉన్నాయి, వానకు నాని. జాలరి స్త్రీ ఒకామె మా మూటలోనుండి ఉన్ని స్వెటరు ఒకటి పైకి తీసి చూసి, మడిచి మళ్ళీ మూటలోనే పెట్టింది. ఏమీ అనలేదు. ఆ ఊళ్ళో అప్పుడు కావలసినవి పడవలు, వలలు, వంటపాత్రలు. అడగవలసిన ఒక్క ప్రశ్న మేము అడగలేదు.

అదే సునామీలో పుదుచ్చేరికి చెందిన నల్లవాడు అనే జాలరి గ్రామంలో జరిగినది దీనికి పూర్తిగా భిన్నం. ఇది మీరు శ్రద్ధగా వినాలి. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థవారు 1998 నుండి పుదుచ్చేరి చుట్టుపక్కల పల్లెలలో గ్రామ విజ్ఞాన కేంద్రాలు నెలకొల్పారు. ఊరివారు ఒక గది ఇస్తారు, ఊరి యువతీయువకులే వాలంటీర్లుగా కంప్యూటరు నేర్చుకుని కేంద్రాన్ని నడుపుతారు. జాలరి గ్రామాలలో సముద్రం మీద అలల ఎత్తు, గాలి వివరాలు తెలుసుకుని లౌడ్‌స్పీకరులో ప్రకటించేవారు. చూడటానికి విసుగు పుట్టించే పని. ఎవరూ చప్పట్లు కొట్టరు, పత్రికలో ఫొటో రాదు. ఆ ఆదివారం ఉదయం సింగపూరులో పని చేస్తున్న ఆ ఊరి యువకుడు టీవీలో వార్త చూసి, ఇంటికి ఫోను చేసి, తరువాత కేంద్రానికి చేశాడు. అదే లౌడ్‌స్పీకరులో ఊరంతటికీ హెచ్చరిక వినిపించారు. రోజూ విని నమ్మిన గొంతు కనుక జనం కదిలారు. ఊళ్ళో సుమారు 3,600 మంది. నూటయాభై దాకా ఇళ్ళు, రెండు వందల దాకా పడవలు పాడయ్యాయి. మనుషులు బ్రతికారు.

ఈ కేంద్రంలో చేరిన యువకులు ఏ కారణంతో చేరి ఉంటారో నాకు తెలియదు. ఎవరో కంప్యూటరు నేర్చుకుందామని, ఎవరో స్నేహితుల కోసం. కారణం ఏదైనా రోజూ చేయటం వలన అది పనికి వచ్చింది. నిరుత్సాహంతో మొదలైన సేవకు కూడా ఇదే పరీక్ష. మొదటి వారం ఎంత ఇచ్చావన్నది చిన్న ప్రశ్న, నలభైయవ వారం అక్కడ ఉన్నావా అన్నది పెద్దది.

రక్తదానం విషయంలో ఇది సంఖ్యలతో స్పష్టంగా కనిపిస్తుంది. పుదుచ్చేరిలోని జిప్‌మర్ ఆసుపత్రికి చుట్టుపక్కల కడలూరు, విళుప్పురం జిల్లాల నుండి కూడా రోగులు వస్తారు. అటువంటి పెద్ద ఆసుపత్రికి ప్రతిరోజూ రక్తం కావాలి. సేకరించిన రక్తంలోని ఎర్రకణాలను 2 నుండి 6 డిగ్రీల మధ్య చల్లగా ఉంచితే, కలిపే ద్రావణాన్ని బట్టి 35 నుండి 42 రోజులు నిలువ ఉంటాయి. ప్లేట్‌లెట్లు ఐదు రోజులే, అవీ 20 నుండి 24 డిగ్రీల దగ్గర నిరంతరం కదుపుతూ ఉంటేనే. ఇప్పుడు ఒక పట్టణంలో వెయ్యిమంది ఆవేశంతో ఒకే రోజున రక్తం ఇచ్చారనుకోండి. నలభై రెండు రోజుల తరువాత మిగిలినది పారవేయవలసిందే. పైగా ఆ వెయ్యిమందిలో పురుషులు 90 రోజులు, స్త్రీలు 120 రోజులు తిరిగి ఇవ్వకూడదు. 2001 సెప్టెంబరులో న్యూయార్కు దాడుల తరువాత సరిగా ఇదే జరిగింది. అమెరికాలో జనం బారులు తీరి రక్తం ఇచ్చారు, అంత అవసరం పడలేదు, ఎన్నో యూనిట్లు గడువు తీరి వృథా అయ్యాయి. వారానికి ఇరవైమంది చొప్పున వంతులు వేసుకుని ఉంటే ఆ వెయ్యిమందే ఏడాది పొడవునా ఒక ఆసుపత్రికి ఊతం అవుతారు. ఒక మాట పక్కన చెబుతాను. రక్తపు సంచి మీద గ్రూపు రాస్తారు, తేదీ రాస్తారు, దాత ఎవరికి ఓటు వేశాడో రాసే చోటు దాని మీద లేదు.

డబ్బు ఇచ్చేవారి సంగతీ ఇదే. అమెరికాలో 2016 అధ్యక్ష ఎన్నికల తరువాత ఓడిన పక్షంవారు చాలామంది తమకు ఇష్టమైన సంస్థలకు విరాళాలు పంపటం మొదలుపెట్టారు. 2017 జనవరి చివరలో, కొత్త ప్రభుత్వం కొన్ని దేశాలవారి రాకపై ఆంక్షలు పెట్టిన వారాంతంలో, అక్కడి పౌరహక్కుల సంస్థ ఏసీఎల్‌యూకు ఆన్‌లైనులో 2 కోట్ల 40 లక్షల డాలర్లు వచ్చాయి. మూడున్నర లక్షలకు పైగా దాతలు. ఏడాది మొత్తంలో ఆన్‌లైనులో వచ్చే దానికి ఇది ఆరు రెట్లు. ఎవరి రాజకీయం ఒప్పు అన్నది మన పాఠం కాదు. గమనించవలసినది ఏమిటంటే ఆ డబ్బు అందుకోవటానికి అప్పటికే లాయర్లు, కార్యాలయాలు, లెక్కలు రాసే మనుషులు ఉన్న సంస్థ ఒకటి సిద్ధంగా ఉంది.

విద్యార్థులు తమ దగ్గర డబ్బు లేదంటారు. 2008లో కెనడాలో ఎలిజబెత్ డన్, ఆమె సహచరులు ఒక ప్రయోగం చేశారు. కొందరికి 5 డాలర్లు, కొందరికి 20 డాలర్లు ఇచ్చి, సాయంత్రంలోగా కొందరిని తమకోసం, కొందరిని ఇతరులకోసం ఖర్చు చేయమన్నారు. ఇతరులకోసం ఖర్చు చేసినవారే సాయంత్రం ఎక్కువ సంతోషంగా కనిపించారు. అయిదా ఇరవయ్యా అన్నది తేడా చేయలేదు. మీ జేబుఖర్చుకు ఈ వార్త మంచిదే.

రెండు జాగ్రత్తలు చెప్పాలి. మొదటిది చట్టం. పోలింగుకు ముందు అభ్యర్థి తరపున ఓటుకోసం ఏదైనా ఇస్తే, దానికి అన్నదానమని పేరు పెట్టినా సరే, 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం దానిని లంచం అంటుంది. రెండవది నాకు ఇంకా ముఖ్యం. సేవ చేస్తున్నాము కదా, ఇక ఓటు ఎందుకు, ప్రభుత్వాన్ని అడగటం ఎందుకు అనుకోకండి. మీరు ఆరు నెలలు ఒక ప్రభుత్వ పాఠశాలలో సాయంత్రం పూట లెక్కలు చెబితే, అక్కడ మరుగుదొడ్డికి నీటి కనెక్షను లేదని మీకు తెలుస్తుంది. మీరు బకెట్లతో నీరు మోసి పెట్టవచ్చు. మంచిదే. కాని సమాచార హక్కు చట్టం వచ్చింది 2005లో. ఆ కనెక్షను ఏ సంవత్సరం మంజూరైంది, డబ్బు ఎక్కడ ఆగింది అని ఒక కాగితం మీద అడగటం కూడా ఆ సేవలో భాగమే. గెలిచినవారు మీరు ఓటు వేసినవారు కాకపోయినా వారు మీ ప్రతినిధే, జవాబు చెప్పవలసింది మీకు కూడా. ఊరికే కోపంగా ఉన్నవాడి అర్జీలో తిట్లు ఉంటాయి. ఆరు నెలలు అక్కడ పని చేసినవాడి అర్జీలో గది నంబరు ఉంటుంది.

ఎక్కడ మొదలుపెట్టాలని అడుగుతారు. కళాశాలలో ఉన్నవారికి జాతీయ సేవా పథకం ఉంది, మనం ఎన్.ఎస్.ఎస్. అంటాము. గాంధీజీ శతజయంతి సంవత్సరంలో, 1969 సెప్టెంబరు 24న, 37 విశ్వవిద్యాలయాలలో ప్రారంభమైంది. ఏడాదికి 120 గంటలు చొప్పున రెండేళ్ళకు 240 గంటలు. వారాలతో భాగించి చూడండి, వారానికి రెండున్నర గంటల కంటె తక్కువే. సర్టిఫికెట్టు కోసం చేరినవారు చాలామంది ఉంటారు, చేరనివ్వండి. పాఠశాల పిల్లలు మీ వీధి గ్రంథాలయంలో పుస్తకాలు సర్దవచ్చు, ఇంటి పక్కనున్న ముసలివారికి పింఛను కాగితం చదివి పెట్టవచ్చు. రక్తదానానికి మాత్రం పద్దెనిమిదేళ్ళు నిండాలి, బరువు 45 కిలోలకు తగ్గకూడదు.

పాఠం తరువాత ఒక అభ్యాసం ఇవ్వటం మన అలవాటు. ఒక నోటుపుస్తకం తీసుకోండి. పేజీకి మూడు గడులు గీయండి. మొదటి గడిలో నేను ఇవ్వగలిగినది: గంటలో, రూపాయలో, రక్తమో, తెలిసిన విద్యో. రెండవ గడిలో ఎవరికి. ఇది మీ ఊహతో నింపకండి, పోయి అడిగి నింపండి. మూడవ గడిలో ఏ వారం, ఏ వేళ. ఈ పేజీని వచ్చే ఎన్నికలకు ముందే, ఎవరు గెలుస్తారో తెలియనప్పుడే పూర్తి చేయాలి. ఫలితాలు వచ్చిన రోజున, గెలిచినా ఓడినా, ఆ పేజీ తీసి మొదటి పనికి బయలుదేరండి.

నా యానాం విద్యార్థికి కూడా ఈ అభ్యాసం ఆలస్యంగానే ఇచ్చాను. పోయిన నెలలో తన పుస్తకం తెచ్చి చూపించాడు. రెండవ, నాల్గవ ఆదివారాలు ఉదయం తొమ్మిదింటికి ఒక వృద్ధాశ్రమంలో పేపరు చదివి వినిపించటం అని ఉంది. అక్కడ తమిళం చదవాలి కనుక నేర్చుకుంటున్నాడట. తారీకుల పక్కన టిక్కులు ఉన్నాయి, రెండు చోట్ల లేవు. ఎందుకు లేవని అడిగితే పరీక్షలు సార్ అన్నాడు. చివరి పేజీలో పెన్సిలుతో ఒక పద్దు: "ఓటుకు ఊరెళ్ళే బండి ఖర్చు, నెలకు యాభై రూపాయలు." నేను చూసి పుస్తకం తిరిగి ఇచ్చాను. ఈసారి కాఫీ తాగి వెళ్ళాడు.